పాటల మూటతో ఊరూరా తిరిగిన వియోలెతా పార్రా: రికార్డుల వెంట ఒక జీవితం

ఈ ప్రత్యేక ఈ-సంచికలో ఎవరి జీవితం వేయాలా అని మేము కూర్చుని మాట్లాడుకున్నప్పుడు అందరి నోటా ముందుగా వచ్చినవి మన పెద్దల పేర్లే. రాంజీ గోండు, కొమురం భీం, బిర్సా ముండా గురించి ఎంత రాసినా తక్కువే. అయితే ఈసారి సంచిక పాట మీద కాబట్టి, పాటనే బతుకుగా చేసుకున్న ఒక దూరదేశపు మనిషిని మన గూడేలకు పరిచయం చేయాలనుకున్నాము. ఆమె పేరు వియోలెతా పార్రా. దేశం చిలీ. దక్షిణ అమెరికా ఖండానికి పడమటి అంచున, ఒకవైపు ఆండీస్ పర్వతాలు, మరోవైపు పసిఫిక్ సముద్రం మధ్య సన్నగా పొడుగ్గా సాగే దేశం అది.

ఒక మాట ముందే చెప్పాలి. వియోలెతా ఆదివాసీ సంఘంలో పుట్టిన మనిషి కాదు. పల్లెటూరి పేద కుటుంబంలో పుట్టారు. అయినా ఆదివాసీ పాటను వెతుక్కుంటూ వాళ్ల ఇళ్లకు నడిచి వెళ్లారు, వాళ్ల ముందు కూర్చుని విన్నారు, టేపు మీదకు ఎక్కించారు, విన్నదాన్ని తన పాటలో కలుపుకున్నారు. ఆ టేపులకు తరువాత ఏం జరిగిందో చదివితే మన ఇళ్లలో అటకల మీద పడి ఉన్న క్యాసెట్లు గుర్తుకు రాక మానవు. అందుకే ఆమె జీవితాన్ని ఏడాది ఏడాదిగా, రికార్డు రికార్డుగా ఇక్కడ చెబుతున్నాము.

1917 నుంచి 1948 వరకు: పాట కూడు పెట్టిన రోజులు

వియోలెతా 1917 అక్టోబరు 4న దక్షిణ చిలీలోని న్యూబ్లే ప్రాంతంలో జన్మించారు. తండ్రి నికనోర్ పార్రా సంగీతం నేర్పే బడిపంతులు. తల్లి క్లారిసా సాందోవాల్ రైతు కుటుంబపు మనిషి, బట్టలు కుట్టేవారు, పాటలు పాడేవారు. ఇంటి నిండా పిల్లలు. పసితనంలోనే వియోలెతాకు మశూచి సోకింది. ఆ మచ్చలు ముఖం మీద జీవితాంతం ఉన్నాయి.

తండ్రి ఉద్యోగం వల్ల ఆ కుటుంబం కొన్నేళ్లు లౌతారో అనే ఊళ్లో ఉంది. అది మపూచే ఆదివాసుల గడ్డ. మపూచే అంటే వాళ్ల భాషలో నేల మనుషులు అని అర్థం. మపు అంటే నేల, చే అంటే మనుషులు. ఇంకా సామ్రాజ్యానికి, స్పెయిన్ సైన్యాలకు లొంగని జాతి అది. చివరకు 1861 నుంచి 1883 వరకు సాగిన దండయాత్రల్లో చిలీ ప్రభుత్వమే వాళ్ల నేలను ఆక్రమించింది, వాళ్లను చిన్న చిన్న ముక్కల్లోకి నెట్టింది. ఆ ఊరి పేరు కూడా 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లతో పోరాడిన మపూచే వీరుడు లౌతారోదే. మనిషిని చంపి, నేలను తీసుకుని, పేరును మాత్రం ఊరికి పెట్టుకోవడం మనకు కొత్త సంగతి కాదు.

ప్రభుత్వం మారి తండ్రి ఉద్యోగం పోయింది. ఆ దిగులులో, జబ్బులో ఆయన చనిపోయే నాటికి వియోలెతా ఇంకా చిన్నపిల్లే. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కలిసి రైళ్లలో, సంతల్లో, సర్కస్ డేరాల్లో పాడి నాలుగు డబ్బులు తెచ్చేవారు. 1930ల మొదట్లో, పెద్దన్న నికనోర్ చదువుకుంటున్న రాజధాని శాంటియాగోకు ఆమె చేరారు. ఈ నికనోర్ పార్రాయే తరువాత స్పానిష్ భాషలో పేరుమోసిన కవి అయ్యారు. చెల్లెలు బడిలో నిలవలేదు. అక్క ఇల్దాతో కలిసి బార్లలో, హోటళ్లలో పాడటం మొదలుపెట్టారు.

1938లో రైల్వే కార్మికుడు లూయిస్ సెరెసెదాతో పెళ్లయింది. 1939లో కూతురు ఇసబెల్, 1943లో కొడుకు ఆంహెల్ పుట్టారు. ఇంట్లోనే ఉండమని భర్త, పాడాల్సిందేనని ఆమె. పదేళ్లకు ఆ కాపురం విడిపోయింది.

ఈ కాలంలోని ఒక సంగతి మన పిల్లలు గమనించాలి. 1940లలో ఆమె స్పెయిన్ దేశపు పాటలు, ఆ దేశపు దుస్తుల్లో, వియోలెతా దె మాయో అనే అరువు పేరుతో పాడేవారు. అప్పుడు గిరాకీ ఉన్నది వాటికే. తల్లి నోట విన్న పాట ఇంట్లోనే ఉండిపోయింది, పరాయి పాట వేదిక ఎక్కింది.

1949 నుంచి 1952 వరకు: అక్కచెల్లెళ్ల ప్లేట్లు

1949లో అక్కచెల్లెళ్లు ఇద్దరూ పార్రా సిస్టర్స్ జోడీగా ఆర్‌సీఏ విక్టర్ కంపెనీకి మొదటి రికార్డులు ఇచ్చారు. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను ప్లేట్లు. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట మాత్రమే పడుతుంది. జనం నోళ్లలో ఆడే హుషారు పాటలు, వాల్ట్జ్‌లు, చేతిరుమాలు ఊపుతూ ఆడే చిలీ ఆట కువేకాకు సరిపడే పాటలు పాడారు. అదే ఏడు లూయిస్ ఆర్సేతో రెండో పెళ్లి. 1950లో కార్మెన్ లూయిసా, 1950లలోనే మరో ఆడపిల్ల రోసిత క్లారా పుట్టారు.

ఆ ప్లేట్లు కూడు పెట్టాయి, కొంత పేరు తెచ్చాయి. ఆమె ఇక్కడే ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

1953: అసలు పాట దొరికిన ఏడు

అప్పటికి ఆమెకు 35 ఏళ్లు నిండాయి. పల్లెల్లో వృద్ధులతోపాటే చచ్చిపోతున్న పాటలను పోగుచెయ్యమని అన్న నికనోర్ పట్టుబట్టారు. గిటారు భుజాన వేసుకుని, నోటు పుస్తకం పట్టుకుని ఆమె బయలుదేరారు. మొదట శాంటియాగో చుట్టుపక్కల ఊళ్లకే వెళ్లారు. కాన్పులు చేసే మంత్రసాని, చనిపోయిన పసిబిడ్డలను అలంకరించి పాటలతో సాగనంపే రోసా లోర్కా అనే పెద్దావిడ ఆమెకు తొలి గురువుల్లో ఒకరు. పుయెంతె ఆల్తోలో ప్రవక్త అని పిలిచే ఇసాయాస్ ఆంగులో అనే పాటగాడి దగ్గర గిటారోన్ నేర్చుకున్నారు. అది 25 తీగలున్న పల్లె వాద్యం. వాయించేవాళ్లు అప్పటికే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఆ ఏడే ఓదియోన్ కంపెనీకి రెండు పాటలు రికార్డు చేశారు. ఒకటి కే పెనా సియెంతె ఎల్ ఆల్మా, పల్లెల్లో దొరికిన విరహపు పాట. రెండోది కసమియెంతో దె నేగ్రోస్, నల్లవాళ్ల పెళ్లి గురించి చెప్పే పాత పదానికి ఆమె కట్టిన పాట. ఆర్కెస్ట్రా లేదు, హంగు లేదు. పల్లె ఆడమనిషి గొంతు, ఒక గిటారు. రెండు పాటలూ దేశమంతా మోగాయి. గిరాకీ లేదనుకున్న పాటకే గిరాకీ వచ్చింది.

1954: రేడియోలో ఊరి గొంతు

1954లో రేడియో చిలేనాలో ఆమె పేరు మీదే ఒక కార్యక్రమం మొదలైంది. రికార్డు పెట్టి వినిపించడంతో సరిపెట్టకుండా, పాట పుట్టిన చోటును, సందర్భాన్ని కూడా చెప్పేవారు. ఏ పండుగకు పాడతారు, ఎవరు పాడతారు, ఎందుకు పాడతారు అన్నీ అందులో ఉండేవి. మన దగ్గర థింసా గానీ, గుస్సాడీ గానీ వేదిక మీద ఐదు నిమిషాల ఐటమ్‌గా మారినప్పుడు ఏది పోతుందో మనకు తెలుసు. అది పోకుండా చూడాలన్నదే ఆమె తాపత్రయం.

ఆ ఏడాదికి ఉత్తమ జానపద కళాకారిణిగా ఆమెకు కౌపోలికాన్ పురస్కారం వచ్చింది. కౌపోలికాన్ కూడా మపూచే వీరుడే. పురస్కారాలకు ఆ పేర్లు పనికొచ్చాయి. ఆ వీరుల మనుమలు పాడే పాట మాత్రం అప్పటికి ఏ రికార్డు దుకాణంలోనూ లేదు.

1955, 1956: పారిస్‌లో రికార్డు, ఇంట్లో చావు

1955లో పోలండ్ రాజధాని వార్సాలో జరిగిన ప్రపంచ యువజన ఉత్సవానికి పిలుపు వచ్చింది. చంటిపిల్ల రోసిత క్లారాను ఇంట్లో వదిలి వెళ్లారు. ఆమె యూరప్‌లో ఉండగానే పిల్ల చనిపోయింది. తిరిగి వెళ్లినా పిల్ల రాదు. ఆమె పారిస్‌లోనే ఉండిపోయారు. ఒక తల్లిగా ఆ నిర్ణయాన్ని ఆమె ఎన్నడూ తేలిగ్గా మోయలేదు. చనిపోయిన ఆ పిల్ల మీద పాట కట్టుకున్నారు. అంతకుముందు రోసా లోర్కా దగ్గర నేర్చుకున్న పసిబిడ్డల సాగనంపు పాటలు ఇప్పుడు ఆమె సొంత పాటలయ్యాయి.

పారిస్‌లో రాత్రిళ్లు చిన్న క్లబ్బుల్లో పాడుతూ, పగలు రికార్డింగు చేశారు. అక్కడి మానవ మ్యూజియం ధ్వని భండారానికి తన గొంతులో చిలీ పాటలు ఇచ్చారు. 1956లో షాన్ ద్యు మోంద్ కంపెనీ ఆమె పాటలను గిటారు, గానం అన్న పేరుతో రికార్డులుగా తెచ్చింది. ఆ ఏడాది చివర ఆమె చిలీకి తిరిగి వచ్చారు.

1957: మొదటి లాంగ్ ప్లే

ఓదియోన్ కంపెనీ చిలీ జానపదం అనే వరుసను మొదలుపెట్టింది. దాని మొదటి సంపుటం వియోలెతా పార్రా గానం, గిటారు. లాంగ్ ప్లే రికార్డు రావడంతో మూడు నిమిషాల ఇరుకు తొలగింది. సగం దేశం తిరిగి పోగుచేసిన పాటలు ఒకే పెద్ద రికార్డులో పక్కపక్కన కూర్చున్నాయి. అందులోనూ ఆమె, ఆమె గిటారు తప్ప మరొకరు లేరు.

అదే ఏడు చివర దక్షిణాన ఉన్న కాన్సెప్సియోన్ విశ్వవిద్యాలయం ఆమెను పిలిపించుకుంది. పెద్ద చదువు లేని మనిషి విశ్వవిద్యాలయంలో పని చేస్తూ, 1958లో అక్కడ జానపద కళల మ్యూజియం ఏర్పాటు చేశారు. మన ప్రాంతంలో కూడా ఇంచుమించు ఇవే ఏళ్లలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి పుస్తకం వేశారు. రెండు ఖండాల్లో ఒకేసారి ఇద్దరికి తట్టిన ఆలోచన ఒకటే. పాడేవాళ్లు ఉండగానే రాసుకోవాలి.

1957, 1958: మపూచే ఇళ్లలో టేపు రికార్డరు

మా దృష్టిలో ఆమె జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే. అయితే అప్పట్లో దుకాణంలోకి వెళ్లిన రికార్డు ఒక్కటి కూడా దీని నుంచి రాలేదు.

ఈ రెండేళ్లలో ఆమె లౌతారో చుట్టుపక్కల మపూచే పల్లెలకు టేపు రికార్డరుతో వెళ్లారు. చిన్నప్పుడు తండ్రి ఉద్యోగంతో వచ్చిన చోటికే, ఈసారి పాట కోసం వచ్చారు. మరీయా పాయినెన్ కొతారో అనే మాచి ఆమెకు పాడారు. మాచి అంటే మపూచే వాళ్లలో వైద్యం చేసే, దైవంతో మాట్లాడే మనిషి. ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు. మాచి చేతిలో కుల్త్రున్ అనే డోలు ఉంటుంది. కొయ్యను గిన్నెలా తొలిచి పైన తోలు బిగించిన వాద్యం అది. బొమ్మ చూసినప్పుడు మాకు వెంటనే మన తుడుం గుర్తొచ్చింది. వైద్యం పాటలు, ప్రేమ పాటలు, పనిపాటలు, ఆటల పాటలు, పిల్లలను నిద్రపుచ్చే పాటలు, అన్నీ మపుదుంగున్ భాషలో ఆమె టేపు మీదకు ఎక్కాయి.

ఆ తరువాత ఆ టేపులు కనబడకుండా పోయాయి. ఆమె పోయాక కూడా దశాబ్దాల పాటు వాటి గురించి పట్టించుకున్నవాళ్లు లేరు. అవి చిలీ విశ్వవిద్యాలయపు ధ్వని భండారంలో ఉన్నాయి. సుమారు అరవై ఏళ్ల తరువాత పరిశోధకులు వాటిని వెలికితీసి, మళ్లీ ఆ పల్లెలకు వెళ్లి, పాడినవాళ్ల వారసులను వెతికారు. ఆ పరిశోధన 2017లో పుస్తకంగా వచ్చింది. రాసిన ముగ్గురిలో ఒకరు మపూచే భాషా పండితురాలు ఎలిసా లోంకోన్. 2021లో చిలీ కొత్త రాజ్యాంగ సభకు తొలి అధ్యక్షురాలిగా ఎన్నికైనది ఈమే. ముత్తవ్వల పాటను వెనక్కి తెచ్చుకోవడంలో ఆ జాతి ఆడబిడ్డ చెయ్యి ఉండటం మాకు ఎంతో నచ్చిన సంగతి.

ఇక్కడ వియోలెతాను మెచ్చుకోవాల్సిన పాయింటు ఇంకొకటుంది. పాడినవాళ్లకు పేర్లు మిగిలాయి. మరీయా పాయినెన్ కొతారో పేరు ఇవాళ మనం తెలుగులో రాయగలుగుతున్నామంటే అందుకే.

1958, 1959: వరుసగా సంపుటాలు

1958లో చిలీ జానపదం రెండో సంపుటం వచ్చింది. 1959లో మూడోది కువేకా పాటల మీద, నాలుగోది తొనాదా అనే పల్లెపదాల మీద. ప్రతి సంపుటం ఒక పాఠంలా ఉంటుంది. ఒకే రకం పాటలో ఎన్ని తీరులున్నాయో, ఏ ఊళ్లో ఎలా మారిందో తెలుస్తుంది. శాంటియాగో శివారు లా రేనాలో ఆమె కొయ్యతో చిన్న ఇల్లు కట్టుకున్నదీ ఈ కాలంలోనే.

ఇదే సమయంలో గిటారు మీద ఎవరూ ఊహించని స్వరరచనలు కూడా చేశారు. అంతికువేకా అని పిలిచేవారు వాటిని. కువేకా ఆట నడకను తీసుకుని దాన్ని విరిచి, వంచి కట్టినవి. ఎల్ గవిలాన్, అంటే డేగ, అనే పొడుగాటి రచన కూడా అప్పటిదే. మగవాడి బలం, ఆడదాని గుండె కోత అందులో విషయం.

జబ్బుచేసి నెలల తరబడి మంచాన పడ్డప్పుడు, చేతులు ఊరికే ఉండలేక గోనెపట్ట మీద రంగు ఊలుతో బొమ్మలు కుట్టడం మొదలుపెట్టారు. పాటలో చెప్పిన మనుషులే ఆ గోనె మీద కూడా కనిపిస్తారు.

1960, 1961: పోగుచేసిన పాట నుంచి సొంత పాటకు

1960 మే 22న దక్షిణ చిలీని భూకంపం కుదిపేసింది. దాని తీవ్రత 9.5. పరికరాలతో కొలిచిన భూకంపాల్లో నేటికీ అదే పెద్దది. వియోలెతా అప్పుడు పుయెర్తో మోంత్ ఊళ్లోనే ఉన్నారు. తాను చూసినదాన్ని పాటగా కట్టారు.

ఈ రోజుల్లోనే వచ్చిన తోదా వియోలెతా పార్రా రికార్డు ఆమె దారిలో మలుపు. అప్పటిదాకా ఇతరుల పాటను తన గొంతులో నిలిపిన మనిషి, ఇక తన మాటను ప్రజల పాట తీరులో పాడటం మొదలుపెట్టారు. ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా మీద పాడారు. పాత పాటలు వందలకొద్దీ కంఠతా వచ్చాక పుట్టిన పాటలివి. పునాది లేని ఇల్లు ఆమె కట్టలేదు.

1962, 1963: అరౌకోకు ఒక దుఃఖం

1961లో అర్జెంటీనా వెళ్లి అక్కడ కచేరీలు చేశారు, బ్యూనస్ ఎయిర్స్‌లో ఓదియోన్‌కు ఒక లాంగ్ ప్లే ఇచ్చారు. 1962లో ఇసబెల్, ఆంహెల్‌లతో కలిసి ఫిన్లాండ్‌లోని హెల్సింకి యువజన ఉత్సవానికి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ పారిస్ చేరారు. తల్లీబిడ్డలు కలిసి చిన్న క్లబ్బుల్లో పాడేవారు.

అరౌకో తియెనె ఉనా పెనా ఈ కాలపు పాట. అరౌకో అంటే మపూచే వాళ్ల నేలకు పరాయివాళ్లు పెట్టిన పేరు. ఆ పాటలో ఆమె మపూచే వీరులను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, లేచి రమ్మంటారు. ఒకప్పుడు స్పెయిన్ వాడు దోచాడు, ఇప్పుడు సాటి చిలీ దేశస్థుడే దోస్తున్నాడన్న నిజాన్ని దాచకుండా చెబుతారు. తన జాతి తప్పును తానే పాడటం తేలిక కాదు. జల్ జంగిల్ జమీన్ నినాదం విన్న చెవులకు ఆ పాట పరాయిదిగా అనిపించదు.

ఉత్తరాన ఎడారి గనుల్లో కూలీల బతుకు మీద కట్టిన పాట, సమ్మెలో తమ్ముణ్ని జైల్లో వేశారని పారిస్‌కు ఉత్తరం వస్తే కట్టిన పాట కూడా ఈ కోవలోవే. పారిస్‌లో రికార్డయిన ఈ పాటల్లో చాలా భాగం 1971లో, ఆమె పోయిన నాలుగేళ్లకు, పారిస్‌లో తిరిగి దొరికిన పాటలు అన్న పేరుతో చిలీలో రికార్డుగా వచ్చాయి.

1964: గోనెపట్ట లూవ్ర్ గోడ ఎక్కింది

1964 ఏప్రిల్‌లో పారిస్ లూవ్ర్ భవనంలోని అలంకార కళల మ్యూజియంలో ఆమె కుట్టిన గోనెపట్టలు, వేసిన బొమ్మలు, తీగలతో చేసిన రూపాలు ప్రదర్శనకు పెట్టారు. లాటిన్ అమెరికా కళాకారుల్లో అక్కడ ఒంటరి ప్రదర్శన దక్కిన తొలి వ్యక్తి ఆమే. రోజూ అక్కడే కూర్చుని, వచ్చినవాళ్లకు పాడి వినిపించేవారు. ఇక్కడ కూడా బొమ్మ వేరు, పాట వేరు అనుకోలేదు.

1965: డేరా

1965లో ఓదియోన్ ద్వారా రెకోర్దాందో ఆ చిలె, అంటే చిలీని తలచుకుంటూ, అనే రికార్డు వచ్చింది. అప్పటికి పిల్లలు ఇసబెల్, ఆంహెల్ శాంటియాగోలో పార్రాల పేన్యా పేరుతో పాటల ఇల్లు తెరిచారు. విక్తోర్ హారా వంటి యువ గాయకులు అక్కడే పాడేవారు. చిలీ కొత్త పాట అని తరువాత పేరుపడ్డ ఉద్యమానికి అది పుట్టినిల్లు.

యూరప్ నుంచి తిరిగొచ్చిన వియోలెతా తన తీరులో తాను లా రేనాలో పెద్ద డేరా వేశారు. డిసెంబరులో ప్రారంభమైంది. పాట, వంట, చేతిపని అన్నీ ఒకే చోట నేర్పే జానపద బడిగా దాన్ని నిలపాలన్నది ఆమె కోరిక. మట్టినేల మధ్యలో పొయ్యి, చుట్టూ బెంచీలు. తానే వండి వడ్డించి, తానే పాడేవారు. అయితే డేరా ఊరికి దూరం, బస్సు సౌకర్యం లేదు. వందలమంది పట్టే డేరాలో చలికాలపు రాత్రుల్లో గుప్పెడుమందే ఉండేవారు. లూవ్ర్ తలుపులు తెరుచుకున్న మనిషికి సొంత ఊళ్లో చప్పట్లు కరువయ్యాయి.

1966: చివరి పాటలు

ఆమె ప్రేమించిన స్విట్జర్లాండ్ సంగీతకారుడు గిల్బెర్ ఫావ్ర్ బొలీవియా వెళ్లిపోయారు. ఆ ఎడబాటు నుంచి రున్ రున్ ఉత్తరానికి వెళ్లిపోయాడన్న పాట పుట్టింది.

ఆ ఏడాది ఆర్‌సీఏ విక్టర్ ఆమె చివరి రికార్డును తెచ్చింది. దాని పేరే లాస్ ఉల్తిమాస్ కొంపొసిసియోనెస్, అంటే చివరి రచనలు. తాజా రచనలన్న అర్థం కూడా ఉంది. తరువాత జరిగినదాన్నిబట్టి జనం మొదటి అర్థమే తీసుకున్నారు. మొత్తం 14 పాటలు. పక్కవాద్యాలకు ఇసబెల్, ఆంహెల్, ఉరుగ్వే దేశస్థుడు అల్బెర్తో సపికాన్ తోడు. గిటారుతోపాటు ఆండీస్ ఆదివాసుల చిన్న తీగవాద్యం చరంగో కూడా ఆమె చేతికి వచ్చింది.

బతుకుకు కృతజ్ఞత చెప్పే గ్రాసియాస్ ఆ లా విదా, పదిహేడేళ్ల వయసుకు తిరిగి వెళ్లడం మీద కట్టిన వొల్వెర్ ఆ లోస్ దియెసిసియెతె ఇందులోవే. చనిపోయిన పసిబిడ్డ ఆత్మ పువ్వులో, చేపలో, వానలో కలిసిపోయే పాట ఒకటుంది. ఆకాశాన్ని, నేలను, అన్నిటినీ శపించే పాట కూడా ఇదే రికార్డులో ఉంది. కృతజ్ఞత, శాపం ఒకే గుండెలోంచి ఒకే ఏడు వచ్చాయి.

మాకు మాత్రం అన్నిటికన్నా దగ్గరైన పాట ఎల్ గిల్యాతూన్. గిల్యాతూన్ అంటే మపూచే వాళ్ల సామూహిక పూజ. వాన ఆగక గోధుమ చేను కుళ్లిపోయే పరిస్థితి వస్తే, ఊరంతా కూడి, మాచి పాడి, దైవాన్ని వేడుకుంటారు. ఆ దృశ్యాన్ని ఆమె బయటి మనిషి చూసే వింతలా పాడలేదు. పంట మీద ఆశపెట్టుకున్న ఊరి మనిషిలా పాడారు. పాట నడక కూడా డోలు దెబ్బ మీదే సాగుతుంది. 1957, 1958లలో టేపు రికార్డరు ముందు కూర్చుని విన్నది ఎనిమిదేళ్లు ఆమెలో నాని ఈ పాటై బయటికొచ్చింది. టేపులు పోయినా పాట పోలేదు.

1967 ఫిబ్రవరి 5

ఆ రోజు ఆదివారం. లా రేనా డేరాలోనే ఆమె తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి 49 ఏళ్లు. అప్పులు, ఒంటరితనం, ఖాళీ బెంచీలు, ప్రేమలో దెబ్బ, ఏది కారణమని విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పట్టించుకోనివాళ్లు వేలమంది అంతిమయాత్రకు వచ్చారు. ఈ మాట రాసేటప్పుడు మా చెయ్యి కాస్త ఆగింది. మన కళాకారులకు మనం బతికుండగా పెట్టే అన్నమెంత, పోయాక వేసే దండలెన్ని అని.

ఆ తరువాత

1971లో అర్జెంటీనా గాయని మెర్సెదెస్ సోసా వియోలెతా పాటలతో ఒక రికార్డు మొత్తం చేశారు. 1973 సెప్టెంబరులో చిలీలో సైనిక కుట్ర జరిగింది. విక్తోర్ హారాను చంపేశారు. ఆంహెల్‌ను నిర్బంధ శిబిరంలో పెట్టారు. తరువాత అక్కాతమ్ముళ్లు, అంటే ఇసబెల్, ఆంహెల్ ఇద్దరూ దేశం విడిచి పోవాల్సి వచ్చింది. చరంగో వంటి ఆండీస్ వాద్యం చేతపట్టడమే అనుమానానికి కారణమైన రోజులవి. 1974లో అమెరికా గాయని జోన్ బేజ్ తన స్పానిష్ రికార్డుకు గ్రాసియాస్ ఆ లా విదా అనే పేరు పెట్టారు. అలా ఆ పాట ప్రపంచమంతా తిరిగింది. 2011లో ఆమె జీవితం మీద సినిమా వచ్చింది. 2015లో శాంటియాగోలో ఆమె పేరిట మ్యూజియం తెరిచారు. ఆమె పుట్టిన అక్టోబరు 4ను చిలీ సంగీత దినంగా జరుపుకుంటోంది.

మన మాట

ఈ జీవితం రాయడానికి ముందు మేము మా సంఘం దగ్గరున్న పాత క్యాసెట్ల పెట్టె తెరిచి చూశాము. సగం క్యాసెట్లకు బూజు పట్టింది. బాగున్న వాటిలో ఒకదానిపై పెళ్లి పాటలు అని మాత్రమే రాసి ఉంది. ఒక అవ్వ గొంతు. ఏ ఊరు, ఏ ఇంటి పేరు, ఏ ఏడు, ఏమీ లేదు. రికార్డు చేసింది మనవాళ్లే. పేరు రాసుకోనిదీ మనవాళ్లే. ఈ తప్పు వేరొకరి మీదకు నెట్టడానికి లేదు. హైమెండార్ఫ్ 1940లలో మన గోండు గూడేల్లో తీసిన ఫోటోలు ఇవాళ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన చేతుల్లో ఉన్నది మాత్రం బూజు పడుతోంది.

అందుకే సభ్యులందరికీ, ముఖ్యంగా ఫోన్ చేతిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక విన్నపం. ఈ పండుగ సెలవుల్లో గూడేనికి వెళ్లినప్పుడు అవ్వనో తాతనో పక్కన కూర్చోబెట్టుకోండి. కిక్రి మీద కథ చెప్పే ప్రధాన్, తోటి పెద్దలను అడగండి. రేలా పాడే అక్కలను అడగండి. ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. రికార్డు మొదట్లో వాళ్ల పేరు, ఇంటి పేరు, ఊరు, తేదీ వాళ్ల నోటే చెప్పించండి. ఆ పాట ఎప్పుడు పాడతారో, ఎందుకు పాడతారో కూడా అడగండి. ఒక కాపీ పాడినవాళ్ల ఇంట్లో ఇచ్చి, ఒకటి సంఘానికి పంపండి. అందరి ముందు పాడకూడని పూజ పాట అని వాళ్లు చెబితే, ఆ మాటను గౌరవించి ఫోన్ పక్కన పెట్టేయండి.

ఆ క్యాసెట్లోని అవ్వ గొంతును ఈ సంచికతోపాటు సభ్యుల వాట్సాప్ బృందంలో పెడుతున్నాము. ఎవరైనా గుర్తుపడితే చెప్పండి. వచ్చే సంచికలో ఆ అవ్వ పేరు వేసుకుంటాము.

నడిచి వెళ్లి విన్న వియోలెతా పార్రాకు, ఆమెకు పాడి వినిపించిన మరీయా పాయినెన్ కొతారోకు, పేరు తెలియని మన అవ్వలందరికీ జోహార్లు.